స్టాక్ పికప్‌కి పెద్ద ఏటీ టైర్లు: 275 ఎక్కించే ముందు ఇవి చూసుకో

తమ్ముడూ, ముందు నీ సంగతి నాకు సరిగా అర్థమైందో లేదో చెప్పుకుంటాను. మధురవాడలో ఉంటావు, బండి ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్, కంపెనీ ఇచ్చిన 255/60 ఆర్18 టైర్లు అరిగి గుండైపోతున్నాయి, సస్పెన్షన్ జోలికి ఇంతవరకు వెళ్లలేదు. నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి అవతల తోటకి వారం వారం వెళ్లాలి, సీజన్లో కాఫీ బస్తాలు దింపాలి. షాపతను 275/65 ఆర్18 ఏటీ (ఆల్ టెర్రైన్, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు వేసేద్దాం, మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ కాస్త కోస్తే పట్టేస్తాయి అన్నాడు. వేయించనా వద్దా అని అడిగావు.

ఏటీ టైర్లు తప్పకుండా వేయించు, ఆ సైజు మాత్రం వద్దు. నేను గాజువాక ఆటోనగర్ వైపు అలైన్‌మెంట్, సస్పెన్షన్ పనిలో చాలాకాలంగా ఉన్నాను, ఏజెన్సీకి తిరిగే పికప్‌లు, జీపులు ఎక్కువగా మా దగ్గరికే వస్తాయి. తోట దారిలో నీ బండి ఆగిపోతోంది అంటే అది టైరు చిన్నదై కాదు. కంపెనీ వేసిన టైరు తారు రోడ్డు కోసం చేసింది, దాని గాడుల్లో ఎర్రమట్టి నిండిపోయి జారిపోతుంది. నీకు కావాల్సింది గాడులు, గట్టి సైడ్‌వాల్, సరైన గాలి. ఎత్తు పెంచితే వచ్చేది చాలా తక్కువ, దానికి కట్టాల్సిన మూల్యం చాలా ఎక్కువ.

లెక్క చూడు. టైరు మీద మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం సైడ్‌వాల్ ఎత్తు అనేది, చివరిది రిమ్ము అంగుళాల్లో. నీ 255/60 ఆర్18 మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు. 265/60 ఆర్18 వేస్తే 775, అంటే ఒకటిన్నర శాతం ఎక్కువ. 265/65 ఆర్18 అయితే 802, ఐదు శాతం ఎక్కువ. మీ షాపతను చెప్పిన 275/65 ఆర్18 దాదాపు 815, అంటే ఆరున్నర శాతం దాటింది. ఇరుసు పైకి లేచేది ఇందులో సగమే కదా, కాబట్టి 275 వేసినా వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద నీకు దక్కేది 26 మిల్లీమీటర్లు. ఒక అంగుళం. ఆ అంగుళం కోసం మిగతావన్నీ పోగొట్టుకోవాలి.

పోయేవాటిలో మొదటిది లాగుడు. టైరు పెద్దదైతే గేర్లన్నీ పొడవైనట్టే లెక్క, ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే, చక్రం మాత్రం ఒక్కో తిప్పుకి ఎక్కువ దూరం పోవాలి. 1.9 లీటర్ ఇంజిన్ తిప్పే బలం, అంటే టార్క్, 360 ఎన్‌ఎం ఇస్తుంది, 275 టైర్లతో అది రోడ్డు దగ్గరికి వచ్చేసరికి 337 ఎన్‌ఎం ఇంజిన్ లాగినట్టు లాగుతుంది. హైవే మీద నీకు తెలియకపోవచ్చు. లంబసింగి ఘాట్‌లో ముందు లారీ పోతూ ఉంటే, రెండో గేర్‌లో టర్బో అందుకునే లోపలే బండి నీరసపడి నువ్వు మొదటి గేర్‌కి దిగాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది. మాన్యువల్ బండి అయితే ఆ భారమంతా క్లచ్ మీద పడుతుంది.

దిగేటప్పుడు ఇంకా ముఖ్యం. బస్తాలతో ఘాట్ దిగుతున్నావు, ఇంజిన్ బ్రేకింగ్ అదే ఆరు శాతం తగ్గింది, బ్రేకు పట్టు కూడా అంతే తగ్గింది, ఎందుకంటే డిస్కు అదే సైజు, చక్రం పెద్దది. పైగా గట్టి రకం పెద్ద టైరు ఒక్కోటి నీ పాతదానికంటే నాలుగైదు కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువు ఉంటుంది, తిరుగుతున్న ఆ బరువుని కూడా అదే బ్రేకు ఆపాలి. నీకు నమ్మకం కుదరకపోతే షాపులోనే రెండు టైర్లూ కాటా మీద పెట్టి చూపించమను, తిప్పి పంపరు. ఆ బరువే వీల్ బేరింగులకీ, బాల్ జాయింట్లకీ, ముందు షాకబ్జర్లకీ రోజూ పని పెంచుతుంది.

మీటర్ సంగతి ఒక్క మాటలో: 275తో మీటర్ 80 అని చూపిస్తుంటే నువ్వు 85 దాకా పోతుంటావు. కంపెనీ మీటర్లు మామూలుగా అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తాయి కాబట్టి చిన్న తేడా అందులో కలిసిపోతుంది, ఆరు శాతం కలవదు. ఆనందపురం నుంచి అనకాపల్లి పోయే బైపాస్ మీద ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని ఒకసారి సరిచూసుకో. కిలోమీటర్లు కూడా తక్కువ పడతాయి, మీటర్‌లో 500 అంటే నిజానికి 534, అందుకే పెద్ద టైర్లు వేశాక మైలేజీ దారుణంగా పడిపోయింది అనేవాళ్ల లెక్కలో కొంత భాగం ఇదే. మైలేజీ తగ్గడం నిజమే గానీ వాళ్లు అనుకున్నంత కాదు.

ఇక అసలు సమస్య, రుద్దుకోవడం. 'పట్టేస్తుంది' అని షాపతను అన్నది బండి జాకీ మీద ఉన్నప్పుడు నిజం, నేల మీద నిలబడినప్పుడూ చాలావరకు నిజం. టైరు తగిలేది మూడు సందర్భాల్లో. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీసేటప్పుడు టైరు వెనక అంచు మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌కీ, మడ్ ఫ్లాప్‌కీ తగులుతుంది. స్టీరింగ్ సగం తిరిగి ఉండగా ముందు చక్రం గోతిలో పడి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు పై అంచుకి తగులుతుంది. ఒక చక్రం రాయి ఎక్కి రెండోది గోతిలో ఉన్నప్పుడు ఇవి రెండూ కలిసి వస్తాయి, మీ తోట దారి అంతా అదే రకం.

నువ్వు ఏ సైజు వేయించినా షాపులోంచి బయటికి వచ్చేముందు ఈ పరీక్ష చేయించుకో. స్టీరింగ్ చివరిదాకా కుడికి తిప్పి పది అడుగులు రివర్స్, ఎడమకి తిప్పి పది అడుగులు రివర్స్. దిగి చక్రం వెనక చెయ్యి పెట్టు. టైరుకీ ప్లాస్టిక్‌కీ మధ్య నీ రెండు వేళ్లు అడ్డంగా పట్టకపోతే గోతిలో పడినప్పుడు తగిలి తీరుతుంది. తరవాత ఒక ముందు చక్రాన్ని ఎత్తుగా ఉన్న ర్యాంపు మీదికి ఎక్కించి అదే చూడు. వారం తిరిగాక టార్చి వేసి లోపలికి తొంగి చూడు, తగిలిన చోట మసక ప్లాస్టిక్ మీద నున్నగా మెరిసే చార ఒకటి పడుతుంది, టైరు భుజం మీద కూడా అదే ఎత్తులో గీతలు ఉంటాయి. ప్లాస్టిక్ తగిలితే సరే, కొంచెం వెనక్కి నొక్కి క్లిప్పు పెట్టొచ్చు. దాని వెనక ఉన్న రేకు అంచో, క్యాబిన్ కూర్చునే మౌంటో తగిలితే టైరు సైడ్‌వాల్ తెగుతుంది, అదీ ఘాట్ మలుపులో. కోసేస్తాం అంటే ఏది కోస్తారో అడుగు. ప్లాస్టిక్ కోస్తే నీళ్లూ బురదా నేరుగా రేకు మీదికి కొడతాయి. మన సముద్రపు గాలిలో ఉప్పు ఎంత ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, కోసిన చోట పెయింట్ వేయించకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు లోపలికి పాకుతుంది.

దీనికి మందుగా కొందరు బయటికి వచ్చే రిమ్ములో, వీల్ స్పేసర్లో (చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే మందపాటి బిళ్లలు) సూచిస్తారు. లోపలివైపు ఖాళీ దొరుకుతుంది, నిజమే, కానీ చక్రం బయటికి జరిగేకొద్దీ తిరిగేటప్పుడు అది గీసే వలయం పెద్దదై బయటి అంచుకి తగలడం మొదలవుతుంది. బేరింగ్ మీద భారం వేరే కోణంలో పడుతుంది, గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. ముందు సస్పెన్షన్ మీద స్పేసర్ పెట్టి లేపడం ఇంకా చెడ్డది, యాక్సిల్ కీళ్లు ఎప్పుడూ వంకరగా తిరిగి వాటి మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరుగుతాయి. వీటి జోలికి పోకు.

మరి ఏం వేయాలి? నా మొదటి సలహా, అదే 255/60 ఆర్18 సైజులో ఏటీ టైరు. దొరుకుతుంది, ఏదీ మార్చక్కర్లేదు, ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు. రెండోది 265/60 ఆర్18, తేడా ఒకటిన్నర శాతమే కాబట్టి పైన చెప్పిన ఇబ్బందులేవీ లెక్కలోకి రావు, మామూలుగా ఎక్కడా తగలదు, అయినా రివర్స్ పరీక్ష మానొద్దు. నీ దారిలో రాళ్లు మరీ ఎక్కువ, రిమ్ము వంగిపోతోంది అంటే మూడో దారి ఒకటుంది, నన్నడిగితే పెద్ద టైరు కంటే ఇదే తెలివైనది: 17 అంగుళాల రిమ్ముకి దిగి 265/65 ఆర్17 వేయడం. మొత్తం ఎత్తు 776, అంటే 265/60 ఆర్18తో దాదాపు సమానం, కానీ సైడ్‌వాల్ 153 నుంచి 172 మిల్లీమీటర్లకి పెరుగుతుంది. రాయికీ రిమ్ముకీ మధ్య ఉండే దిండు అదే. రిమ్ములు కొనేటప్పుడు ఆరు నట్ల 139.7 పీసీడీ (నట్లు కూర్చునే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో), పాత రిమ్ముకి దగ్గరగా ఉండే ఆఫ్‌సెట్ (చక్రం లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో ఆ కొలత), హబ్ రంధ్రం కొలత మూడూ చూసుకో, బ్రేక్ క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతోందో చేత్తో తిప్పి చూడు.

ఇప్పుడు చాలామంది వదిలేసే విషయం. ఏటీ టైర్లలో రెండు రకాలు ఉంటాయి, మామూలు రకం ఒకటి, ముందు ఎల్‌టీ అని రాసి ఉండే లైట్ ట్రక్ రకం ఒకటి. ఎల్‌టీ టైరు పొరలు మందం, రాళ్లకి తట్టుకుంటుంది, బరువెక్కువ, తారు మీద కొంచెం గట్టిగా కొడుతుంది. దాని మీద పెద్ద లోడ్ అంకె చూసి మోసపోకు. ఉదాహరణకి 119 అని ఉంటే 1360 కిలోలు, నీ పాత టైరు మీద 112 ఉంటే 1120 కిలోలు, కాబట్టి కొత్తది మోస్తుందిలే అనుకుంటారు. ఆ 1360 కిలోలు లోడ్ రేంజ్ 'E' అని రాసి ఉన్న టైరులో 80 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పటి మాట! మామూలు రకం టైరు తన పూర్తి భారాన్ని 35, 36 దగ్గరే మోసేస్తుంది. ఎల్‌టీ టైరులో కూడా డ్రైవర్ తలుపు స్తంభం మీద స్టిక్కర్‌లో ఉన్నంతే గాలి కొట్టించి బస్తాలు వేశావంటే టైరు లోపల మడతపడి వేడెక్కుతుంది, మే నెలలో హైవే మీద పొర ఊడిపోయే టైర్లలో ఈ కథ ఉన్నవి ఎన్నో. టైరు కంపెనీ వాళ్ల దగ్గర ఏ గాలికి ఎంత భారం అనే పట్టిక ఉంటుంది, అడిగి తీసుకో. అది చేతికి వచ్చేదాకా ఖాళీ బండికి స్టిక్కర్ కంటే నాలుగు నుంచి ఆరు పీఎస్‌ఐ ఎక్కువ, లోడు ఉన్నప్పుడు వెనక ఇంకాస్త ఎక్కువతో మొదలుపెట్టు.

గాలి సరిపోయిందో లేదో చూడటానికి సుద్దముక్క చాలు. టైరు అడ్డంగా, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా మందంగా సుద్ద గీత గీయి. చదునైన పొడి రోడ్డు మీద తిన్నగా కొంచెం దూరం నడిపి దిగి చూడు. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ, అంతా సమానంగా చెరిగితే సరిపోయినట్టు. ఖాళీ బండితో ఒకసారి, బస్తాలతో ఒకసారి చూసి రెండు అంకెలూ రాసి డ్యాష్‌బోర్డ్ పెట్టెలో పెట్టుకో. కానీ ఇది టైరు నేలకి సమంగా ఆనుతోందా లేదా అనేది మాత్రమే చెబుతుంది, భారానికి చాలుతుందా అనేది పట్టికే చెప్పాలి, ఈ రెంటిలో ఏది ఎక్కువ గాలి అంటే అదే పెట్టు. ఒక మాట గుర్తుంచుకో, ఆర్సీలో రాసిన బరువు టైరు మార్చినంత మాత్రాన పెరగదు, కమాన్లు, ఛాసిస్, బ్రేకులు పాతవే కదా.

చిక్కటి బురదలో దిగేముందు, ఖాళీ బండి అయితే, గాలి 22, 25 దాకా తగ్గించి చూడు. టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది, 255 టైరే 275 కంటే బాగా పట్టుకుంటుంది. అలా ఉన్నప్పుడు వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు, గట్టిగా మలుపులు తిప్పకూడదు. సీటు కింద 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి పెట్టుకుని తారు రోడ్డు ఎక్కేముందు తప్పకుండా గాలి నింపు, ఆ గాలితో ఘాట్ దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పెద్ద టైర్లకి పెట్టే డబ్బులో చిన్న ముక్కతో కంప్రెసర్ వస్తుంది.

వాన గురించి కూడా చెప్పాలి. ఏటీ టైరు బురదలో బాగుంటుంది కదా అని తడి తారు మీద కూడా బాగుంటుందని అనుకోకు, నున్నటి తడి రోడ్డు మీద మంచి హైవే టైరు కంటే ఏటీ టైరుకి ఆగే దూరం ఎక్కువే. కాబట్టి టైరు ఎంచుకునేటప్పుడు బయటికి ఎంత కరుగ్గా కనిపిస్తోంది అని కాక, ఒక్కో బటన్ (గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మ) మీద సన్నటి కోతలు ఎన్ని ఉన్నాయో చూడు. నీళ్ల పొరని చీల్చి పట్టు ఇచ్చేవి ఆ కోతలే. నీ ప్రయాణంలో తొంభై శాతం తారు రోడ్డే.

ఏది కొన్నా ఐదు కొను. నాలుగు కొని స్టెప్నీ పాతదే ఉంచితే, పంచరైన రోజు ఒక చక్రం చిన్నది, మిగతావి పెద్దవి. వెనక డిఫరెన్షియల్ ఆ తేడాని రోజంతా సర్దుకుంటూ అరిగిపోతుంది. ఫోర్ వీల్‌లో వేస్తే ఇంకా ప్రమాదం, నీ బండిలో ముందు వెనక ఇరుసుల మధ్య తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు, 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం గేరు) రెండూ కట్టేసినట్టు తిరుగుతాయి. అందుకే ఎలాంటి టైర్లున్నా పొడి తారు మీద 4హెచ్ వాడకూడదు. కొత్త సైజు స్టెప్నీ ట్రే కింద పట్టి, గొలుసు పూర్తిగా బిగుస్తోందో కూడా షాపులోనే చూసుకో.

చట్టం విషయంలో దాపరికం లేకుండా చెప్తున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల జరిమానానో, రెండూనో అని ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపి టైరు సైజు చదివాడా లేదా అన్నది తర్వాతి మాట, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మాత్రం చదువుతాడు. 265/60కి దిగినా సర్వీస్ సెంటర్‌ని, ఇన్సూరెన్స్ వాళ్లని ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకో. నా మొదటి సలహా కంపెనీ ఇచ్చిన సైజే కావడానికి ఇదీ ఒక కారణం.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడు. సైడ్‌వాల్ మీద నాలుగంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. మామూలుగా కదలని సైజులు షాపుల్లో ఏళ్లతరబడి పడి ఉంటాయి, 275/65 లాంటివి సరిగ్గా అవే. 2020 జూన్ నుంచి విదేశీ టైర్ల దిగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి, అందుకే కొన్ని సైజులు ఇవాళ దొరికితే రేపు దొరకవు, ఒక టైరు పోతే జత కుదరక అవస్థ పడతావు. మన అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ల ఫ్యాక్టరీ 2022లో మొదలైంది కదా, ఇక్కడే దొరుకుతాయి అని కొందరు అనుకుంటారు, అది మొదలైంది ట్రాక్టర్లు, పొలం పనుల యంత్రాలు, గనుల బండ్ల టైర్లతో.

ఇంకొకటి, నువ్వు అడగకపోయినా. ఏటీ టైర్లు వేశాక భీమిలి వైపు ఇసుకలోకి బండి దించాలని అందరికీ అనిపిస్తుంది. దించకు. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఇసుక కింద గూడు ఉన్నట్టు పైకి ఏమీ కనిపించదు, ఒక్క చక్రం దాటితే చాలు.

బిగించే రోజు నట్లు గన్‌తో దంచేసి వదలనివ్వకు, చివర టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించమను, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించి ముందు, తర్వాత అంకెల కాగితం అడిగి తీసుకో. తర్వాత ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీతో కలిపి ఐదు టైర్లూ స్థానాలు మార్పించు, ఏటీ టైరు బటన్లు ఒకే చోట తిరిగితే మెట్లు మెట్లుగా అరిగి మోత మొదలవుతుంది. ఇప్పుడున్న పాత ముందు టైర్లు రెండూ ఎలా అరిగాయో, లోపలి అంచా బయటి అంచా అనేది ఫొటో తీసి పెట్టు. ఒకవైపే అరిగితే కొత్తవి వేసేముందు బాల్ జాయింట్లు చూడాలి, లేకపోతే కొత్త టైర్లు కూడా అలాగే పోతాయి.